రెండు సెకన్ల మెరుపు కోసం ఎటు తిరిగి వెతకాలి?

2017 ఆగస్టు 17, గురువారం, సాయంత్రం 6 గంటల 11 నిమిషాలు. కర్నూలులో పొద్దుగూకడానికి ఇంకా అరగంట దాకా ఉంది. ఆ టైముకి మన నైరుతి దిక్కున, నేలకి దాదాపు 37 డిగ్రీల ఎత్తులో, ఎండ వెలుగులో ఎవరి కంటికీ ఆనని ఒక గెలాక్సీ ఉంది. పేరు ఎన్‌జీసీ 4993, దూరం సుమారు 13 కోట్ల కాంతి సంవత్సరాలు. అందులో ఎప్పుడో రెండు న్యూట్రాన్ నక్షత్రాలు, అంటే పేలిపోయిన భారీ నక్షత్రాల్లో మిగిలిన గట్టి నడిమి ముద్దలు, ఢీకొన్నప్పుడు పుట్టిన గురుత్వ తరంగాలు (స్థలాన్నే వణికించే అలలు) సరిగ్గా ఆ నిమిషంలో భూమిని దాటుకుంటూ పోయాయి, ఇంకో 1.7 సెకన్లకు గామా కిరణాల మెరుపు ఒకటి వచ్చి రెండు సెకన్లలో ఆగిపోయింది. లెక్కేసి చూస్తే, ఆ గెలాక్సీ ఆ రాత్రి తొమ్మిదింబావు దాకా, అంటే బాగా చీకటి పడ్డాక కూడా కర్నూలు ఆకాశంలోనే ఉంది. కానీ అటు చూడాలని భూమ్మీద ఎవరికీ తెలీదు. ఆ తరంగాలను పట్టే మూడు డిటెక్టర్ల లెక్కలు కలిపి గీసిన మొదటి పనికొచ్చే మ్యాపు శాస్త్రవేత్తల చేతికి వచ్చేసరికి మన టైములో రాత్రి 11:24 అయింది.

ఫిజిక్స్ క్లాసులో ఈ సంగతి చెప్పిన ప్రతిసారీ ఎవరో ఒకరు అడుగుతారు: "సార్, అంత పెద్ద పేలుడంటారు, దాని ఫొటో యాడుంది?" మంచి ప్రశ్నే. సూర్యుడు తన జీవితమంతా ఇచ్చే శక్తితో పోల్చదగినంత శక్తి రెండు సెకన్లలోపు బయటపడే ఘటన ఇది, దాన్ని పట్టుకోవడానికి ఇన్ని తిప్పలేంటి? తిప్పలన్నీ దిక్కు దగ్గరే. చూడగల టెలిస్కోపులు మన దగ్గర ఉన్నాయి. ఎటు చూడాలో, అది ఆరిపోయే లోపు తెలియాలి. ఈ రంగం చరిత్ర మొత్తం, నా లెక్కలో, ఆకాశం మీద గీసిన ఒక పెద్ద సున్నాను చిన్నది చేసుకుంటూ వచ్చిన చరిత్రే.

మొదట్లో ఆ సున్నా ఎంత పెద్దదంటే ఆకాశం మొత్తం అంత. 1967 జులై 2న అమెరికా వాళ్ల వేలా ఉపగ్రహాలు గామా కిరణాల మెరుపును మొదటిసారి నమోదు చేశాయి. వాటిని పంపింది సోవియట్ వాళ్లు దొంగచాటుగా అణుపరీక్షలు చేస్తున్నారేమో కనిపెట్టడానికి, నక్షత్రాల కోసం కాదు. ఆ మెరుపులు భూమి నుంచీ కాదు, సూర్యుడి నుంచీ కాదు అని తేల్చుకుని 1973లో గానీ ప్రపంచానికి చెప్పలేదు. తర్వాత 1991 నుంచి 2000 దాకా కాంప్టన్ అబ్జర్వేటరీ అనే ఉపగ్రహం మీద ఉన్న బాట్సే అనే పరికరం 2704 మెరుపులను లెక్కపెట్టింది. ఆ లెక్కలో రెండు సంగతులు తేలాయి. ఒకటి, ఇవి ఆకాశంలో అన్ని వైపుల నుంచీ సమానంగా వస్తున్నాయి, పాలపుంత పట్టీ వెంట గుమిగూడటం లేదు. రెండోది, ఎంతసేపు ఉన్నాయో గ్రాఫు గీస్తే రెండు కుప్పలుగా విడిపోతున్నాయి, మధ్యలో గీత సుమారు 2 సెకన్ల దగ్గర. పొడవైనవి భారీ నక్షత్రం కూలిపోయినప్పుడు వచ్చేవి అని తర్వాత రుజువైంది. పొట్టివి రెండు న్యూట్రాన్ నక్షత్రాలు ఢీకొన్నప్పుడు వస్తాయని అనుమానం, కానీ అనుమానమే. ఎక్కడి నుంచి వచ్చిందో తెలియకుండా ఎలా పుట్టిందో ఎవరు చెప్పగలరు?

ఇక్కడ గామా కిరణాలతో ఉన్న అసలు చిక్కు చెప్పాలి. మామూలు వెలుగునైతే అద్దంతో మళ్లించి ఒక చోటికి చేర్చి బొమ్మ తీయొచ్చు. గామా కిరణాలు అద్దాన్ని లెక్కచేయవు, దూసుకుపోతాయి లేదా అందులోనే ఇంకిపోతాయి. కాబట్టి ఈ శక్తి దగ్గర కెమెరా అనేదే లేదు. దిక్కు కనుక్కోవడానికి వేరే ఉపాయాలు పన్నారు, ఒక్కోదానికి ఒక్కో బలహీనత.

ఫెర్మి ఉపగ్రహం (2008లో ఎగిరింది) మీద ఉన్న జీబీఎం పద్ధతి చాలా సూటిగా ఉంటుంది. సోడియం అయోడైడ్ బిళ్ళలు పన్నెండు, ఒక్కోటి ఒక్కో వైపు తిరిగి ఉంటాయి. మెరుపు వచ్చిన వైపు తిరిగి ఉన్న బిళ్ళకి ఎక్కువ కిరణాలు తగులుతాయి, పక్కకు తిరిగిన వాటికి తక్కువ. ఆ నిష్పత్తులు చూసి దిక్కు అంచనా వేస్తారు. భూమి అడ్డం లేని ఆకాశమంతా ఒకేసారి దీని కంట్లో ఉంటుంది, అందుకే ఏడాదికి సుమారు 240 మెరుపులు పడతాయి, అందులో పొట్టివి ఓ నలభై. బాగానే ఉంది, కానీ దిక్కులో తప్పు చాలాసార్లు ఐదు, పది డిగ్రీలు. పది డిగ్రీల వ్యాసార్ధంతో ఆకాశంలో సున్నా చుడితే అందులో పున్నమి చంద్రుళ్లు పదిహేను వందలు పడతారు. ఒక్కో చంద్రుడంత చోటులో వేల గెలాక్సీలు. ఎక్కడని చూస్తారు?

స్విఫ్ట్ ఉపగ్రహానిది (2004 నవంబరు 20న ఎగిరింది) ఇంకో దారి. దాని బ్యాట్ పరికరం పైన యాభై వేలకు పైగా సీసపు పలకలు, ఒక క్రమం లేనట్టు కనిపించే అమరికలో ఉంటాయి. కింద 32,768 చిన్న డిటెక్టర్లు. మెరుపు వస్తే పలకల నీడ కింద పడుతుంది, ఆ నీడ ఎంత పక్కకు జరిగిందో లెక్కేస్తే దిక్కు కొన్ని ఆర్క్ నిమిషాల లోపు తేలుతుంది. ఆర్క్ నిమిషం అంటే డిగ్రీలో 60వ వంతు. చాలా మెరుగు. కానీ ఇది ఒకేసారి చూడగలిగేది ఆకాశంలో తొమ్మిదో వంతు. అందుకే దీనికి ఏడాదికి దొరికే పొట్టి మెరుపులు పది లోపే. ఫెర్మికి ఎక్కువ దొరుకుతాయి, దిక్కు సరిగా తెలీదు. స్విఫ్ట్‌కి దిక్కు తెలుస్తుంది, దొరికేవి తక్కువ.

మూడో దారి నాకు బాగా ఇష్టం. వెలుగు మిల్లీ సెకనుకు 300 కిలోమీటర్లు పోతుంది. ఒకే మెరుపు రెండు ఉపగ్రహాలను వేర్వేరు క్షణాల్లో తాకితే, ఆ తేడా నుంచి ఆకాశంలో ఒక వలయం గీయొచ్చు, మెరుపు పుట్టిన చోటు ఆ వలయం మీదే ఎక్కడో ఉండాలి. మూడో ఉపగ్రహం ఉంటే ఇంకో వలయం, రెండూ కోసుకున్న చోటు పట్టుకుంటే సరి. ఉపగ్రహాల మధ్య దూరం ఎంత ఎక్కువైతే వలయం అంత సన్నగా వస్తుంది. 2020 ఏప్రిల్ 15న ఒక పొట్టి మెరుపు ముందు అంగారకుడి చుట్టూ తిరిగే మార్స్ ఒడిస్సీని తాకింది, సుమారు 6.6 నిమిషాల తర్వాత విండ్ ఉపగ్రహాన్ని, ఇంకో 4.5 సెకన్లకు భూమి చుట్టూ ఉన్న వాటిని. లెక్క కడితే ఎన్‌జీసీ 253 అనే, కోటి కాంతి సంవత్సరాలకు కాస్త అవతల ఉన్న పక్కింటి గెలాక్సీ దగ్గరికి తేలింది. తమాషా ఏంటంటే అది న్యూట్రాన్ నక్షత్రాల గుద్దులాట కాదు, విపరీతమైన అయస్కాంత శక్తి ఉన్న మాగ్నెటార్ అనే ఒంటరి నక్షత్రం కోపం. దిక్కు తెలియకపోతే ఇదీ మామూలు పొట్టి మెరుపుల జాబితాలో కలిసిపోయేది. ఈ పద్ధతికి ఒకటే ఇబ్బంది, దూరపు వ్యోమనౌకల డేటా భూమికి చేరడానికి గంటలు, ఒక్కోసారి రోజు దాటుతుంది.

ఆలస్యమైతే ఏం పోతుంది? గామా మెరుపు ఆగాక దాని వెనక కణకణలాడే నిప్పు ఒకటి మిగులుతుంది. బయటికి చిమ్మిన పదార్థం చుట్టూ ఉన్న పలచని వాయువును గుద్దుకుని ఎక్స్-రేలలో, మామూలు వెలుగులో, రేడియోలో కొంతసేపు వెలుగుతుంది. అది తగ్గే తీరు సుమారుగా ఇలా ఉంటుంది: గంట దగ్గర ఉన్న వెలుగు పది గంటలకు పదో వంతు. పొట్టి మెరుపుల మిగులు మొదటి నుంచే మసక. కొన్ని గంటలకే 23వ మాగ్నిట్యూడ్ (వెలుగు కొలత, అంకె పెరిగేకొద్దీ మసక) ప్రాంతానికి జారిపోతాయి, అంటే గండికోట లాంటి చీకటి చోట నిలబడి మన కంటికి అందే ఆఖరి నక్షత్రం కంటే అరవై లక్షల రెట్లు మసక.

అందుకే స్విఫ్ట్‌ని తిరగబడేలా కట్టారు, అక్షరాలా. బ్యాట్ దిక్కు చెప్పగానే మనిషి ఆర్డర్ కోసం చూడకుండా ఉపగ్రహం మొత్తం ఒకటి రెండు నిమిషాల్లో అటు తిరిగి ఎక్స్-రే టెలిస్కోపును గురిపెడుతుంది. దాంతో దిక్కు కొన్ని ఆర్క్ సెకన్లకు వస్తుంది. ఒక ఆర్క్ సెకను అంటే కొండారెడ్డి బురుజు మీద నిలబడి 5 కిలోమీటర్ల అవతల ఎవరో పట్టుకున్న రూపాయి బిళ్ళ ఎంత కనిపిస్తుందో అంత.

2005 మే 9న ఇది మొదటిసారి పొట్టి మెరుపు మీద పనిచేసింది. మెరుపు ఉన్నది సెకనులో ఇరవై ఐదో వంతు ప్రాంతం. తర్వాత ఎక్స్-రే టెలిస్కోపుకి చిక్కినవి పదకొండు ఫోటాన్లు. పదకొండే! ఆ పదకొండుతోనే ఒక ముసలి నక్షత్రాల దీర్ఘవృత్త గెలాక్సీ పక్కకు వేలు చూపించగలిగారు. అలాంటి గెలాక్సీలో కొత్త భారీ నక్షత్రాలు దాదాపు పుట్టవు, కాబట్టి ఇది నక్షత్రం కూలిన కేసు కాదని బలమైన ఆధారం. రెండు నెలలకు, జులై 9న, హెటీ-2 ఉపగ్రహం పట్టిన ఇంకో పొట్టి మెరుపుకు మొట్టమొదటిసారి మామూలు వెలుగులో కూడా మిగులు కనిపించింది.

అయినా తల్లి గెలాక్సీని పట్టుకోవడం అంత సులువు కాదు. న్యూట్రాన్ నక్షత్రం పుట్టేది భారీ నక్షత్రం పేలే సూపర్‌నోవాలో, ఆ పేలుడు దాన్ని ఒక తోపు తోస్తుంది. జంటగా ఉన్న రెండూ కలిసి ఆ వేగంతో కోట్ల ఏళ్లు ప్రయాణం చేసి అప్పుడు ఢీకొంటాయి. అప్పటికి పుట్టిన గెలాక్సీ వదిలి చాలా దూరం పోయి ఉండొచ్చు. మెరుపు వచ్చిన చోట ఖాళీ, చుట్టుపక్కల మూడు నాలుగు గెలాక్సీలు, దేన్ని తల్లి అనాలి? ఏ గెలాక్సీ యాదృచ్ఛికంగా అంత దగ్గర ఉండే అవకాశం ఎంతో లెక్కేసి, తక్కువ వచ్చినదాన్ని ఎంచుకుంటారు. అంటే ఇది సాక్ష్యం కంటే సంభావ్యత మీద నడిచే కేసు. దూరం కూడా ఆ గెలాక్సీ నుంచే కొలుస్తారు కాబట్టి తల్లి తప్పయితే దూరం తప్పు, శక్తి లెక్క తప్పు, అన్నీ తప్పే.

నేల మీద పని ఎలా జరుగుతుందో చూద్దాం. ఉపగ్రహం పట్టిన వార్త నాసా నడిపే జీసీఎన్ అనే వ్యవస్థ ద్వారా సెకన్లలో ప్రపంచంలోని టెలిస్కోపుల కంప్యూటర్లకు చేరుతుంది. అప్పుడు రాత్రి ఎక్కడుంది, మబ్బు లేనిదెక్కడ, ఆ దిక్కు ఎక్కడ కనిపిస్తుంది, ఈ మూడూ కలిసిన చోటే వెతకడం మొదలు. మన లడఖ్‌లోని హాన్లేలో 0.7 మీటర్ల గ్రోత్-ఇండియా టెలిస్కోపు ఇలాంటి పనికే 2018 నుంచి తనంతట తానే తిరుగుతోంది. దాని పక్కనే 2 మీటర్ల హిమాలయన్ చంద్ర టెలిస్కోపు, నైనిటాల్ దగ్గర దేవస్థల్‌లో 3.6 మీటర్లది ఉన్నాయి. అమెరికా ఖండాల్లో పగలున్నప్పుడు మనకి రాత్రి, అందుకే చిన్నదైనా ఇక్కడ ఒక కన్ను తెరిచి ఉండటం విలువైన సంగతి. మొదటి గంటలో పెద్ద టెలిస్కోపు కంటే తొందరగా తిరిగే చిన్నదే మేలని నా అభిప్రాయం. పెద్దది కావలసింది దొరికాక, దాని వర్ణపటం తీయడానికి.

ఫొటో తీశాక అదే చోటి పాత ఫొటోను దాని నుంచి తీసేస్తారు, కొత్తగా వచ్చినది మాత్రమే మిగులుతుంది. మిగిలినదల్లా మనకు కావలసిందే అనుకుంటే పొరపాటు. గ్రహశకలాలు, ఉన్నట్టుండి భగ్గుమనే మామూలు ఎర్ర నక్షత్రాలు, సంబంధం లేని సూపర్‌నోవాలు, కెమెరాలో చుక్కలు. అరగంట ఆగి మళ్లీ తీస్తే గ్రహశకలం జరిగిపోయి దొరికిపోతుంది. మర్నాడు తీస్తే సూపర్‌నోవా అలాగే ఉంటుంది, మెరుపు మిగులు మాత్రం సన్నగిల్లుతుంది. వేగంగా తగ్గడమే దాని గుర్తింపు కార్డు.

ఇప్పుడు 2017 రాత్రికి వద్దాం. ఫెర్మి వెంటనే కేక వేసింది గానీ దిక్కు ఎప్పటిలాగే మోటు. గురుత్వ తరంగాలను పట్టే లైగో డిటెక్టర్లు అమెరికాలో రెండు, లివింగ్‌స్టన్‌లో ఒకటి, హాన్‌ఫర్డ్‌లో ఒకటి. లివింగ్‌స్టన్‌ది సరిగ్గా ఆ సమయానికి ఒక కుదుపు తిని డేటా పాడైంది, దాన్ని శుభ్రం చేసి ఇటలీలోని విర్గో డిటెక్టర్‌తో కలిపేసరికే గంటలు పట్టాయి. మన ఆస్ట్రోశాట్ ఉపగ్రహానికి ఆ దిక్కు అప్పుడు భూమి చాటున పడింది, దానికి ఏమీ కనిపించలేదు. కనిపించకపోవడం కూడా ఒక కబురే, ఏ దిక్కు నుంచి రాలేదో చెబుతుంది కాబట్టి. చివరికి తేలిన చోటు సుమారు 28 చదరపు డిగ్రీలు, నూట నలభై చంద్రుళ్లంత. దానికి తోడు గురుత్వ తరంగాలు దూరం కూడా చెప్పేశాయి, అదే ఆట మార్చింది. అంత దూరంలో, అంత చోటులో ఉన్న గెలాక్సీలు కొన్ని పదులే. చిలీలో చీకటి పడింది. లాస్ కాంపానాస్‌లోని స్వోప్ అనే 1 మీటరు టెలిస్కోపు జాబితా పట్టుకుని ఒక్కో గెలాక్సీ ఫొటో తీసుకుంటూ పోయింది, తొమ్మిదో ఫొటోలో ఎన్‌జీసీ 4993 పక్కన ఇంతకు ముందు లేని చుక్క. మన టైములో 18వ తేదీ ఉదయం 5:03. ఇంకో గంట లోపే వేరే బృందాలు కూడా విడివిడిగా దాన్నే చూశాయి.

ఆ చుక్క నీలంగా మొదలై కొన్ని రోజుల్లోనే ఎర్రబడింది. దాన్నే కిలోనోవా అంటారు. ఢీకొన్నప్పుడు బయటికి చిమ్మిన న్యూట్రాన్ల ముద్దలో బరువైన మూలకాలు క్షణాల్లో తయారై, వాటి రేడియోధార్మికత వేడితో ఆ ముద్ద వెలిగింది. ఎక్స్-రేలు తొమ్మిదో రోజుకు గానీ, రేడియో పదహారో రోజుకు గానీ కనిపించలేదు. కారణం, చిమ్మిన ధార మనవైపు సూటిగా కాకుండా పక్కకు ఉంది. ఈ గామా మెరుపు బలహీనంగా ఉండటానికి కారణమూ అదే. జొన్నగిరి నేలలో ఉన్న బంగారం, ఒకప్పటి అనంతపురం జిల్లా రామగిరి గనుల్లోంచి తీసిన బంగారం, అందులో కొంతైనా భూమి పుట్టక ముందు ఇలాంటి గుద్దులాటల్లో తయారైందే. మొత్తం ఇక్కడి నుంచేనా, వేరే మార్గాలు కూడా ఉన్నాయా అన్నది ఇంకా చర్చలో ఉంది.

అన్నిసార్లూ ఇలా కలిసి రాదు. 2019 ఏప్రిల్ 25న మన టైములో మధ్యాహ్నం 1:48కి ఇంకో న్యూట్రాన్ నక్షత్రాల జంట ఢీకొన్న సంకేతం అందింది. హాన్‌ఫర్డ్ డిటెక్టర్ ఆ సమయానికి పనిచేయడం లేదు. దిక్కు 8,284 చదరపు డిగ్రీలకు మించి తగ్గలేదు, ఆకాశంలో అయిదో వంతు! దూరం కూడా నాలుగు రెట్లు. ఎన్నో టెలిస్కోపులు వెతికాయి, నమ్మదగిన చుక్క ఒక్కటీ దొరకలేదు. ఘటన అదే రకం, తేడా దిక్కులోనే. మహారాష్ట్రలో హింగోలి జిల్లాలో కట్టబోయే లైగో-ఇండియాకు 2023లో కేంద్రం ఆమోదం ఇచ్చింది. అది వస్తే మిగతా వాటికి చాలా దూరంలో ఒక చెవి అదనం, ఈ విశాలమైన మచ్చలు బాగా కుంచించుకుపోతాయి.

ఇంత శ్రమ పడి దిక్కులు కనుక్కున్నాక తేలిందేమిటంటే, ఆ 2 సెకన్ల గీతే నమ్మదగింది కాదు. 2020 ఆగస్టు 26న ఫెర్మి పట్టిన మెరుపు సెకను ప్రాంతం, అంటే అచ్చమైన పొట్టిది. కాలిఫోర్నియాలో ఒకేసారి 47 చదరపు డిగ్రీలు చూడగల జడ్‌టీఎఫ్ కెమెరా ఆ పెద్ద సున్నాలో దాని మిగులును పట్టుకుంది. కొన్ని వారాలు ఆగి చూస్తే అక్కడ సూపర్‌నోవా ఆనవాళ్లు, అంటే నక్షత్రం కూలిన కేసు! దానికి పూర్తి విరుద్ధమైనది 2021 డిసెంబరు 11న వచ్చింది. మెరుపు యాభై సెకన్ల దాకా సాగింది, పొడవైనదని అందరూ అనుకున్నారు, తీరా చూస్తే కిలోనోవా. మన దేవస్థల్ టెలిస్కోపు కూడా దాన్ని చూసింది. 2023 మార్చి 7న అలాంటిదే ఇంకోటి, ఇంకా చాలా కాంతివంతమైనది. అందులో జేమ్స్ వెబ్ టెలిస్కోపు టెల్లూరియం అనే బరువైన మూలకం గుర్తులు చదివింది. గడియారం చూసి కులం చెప్పేసే రోజులు పోయాయి. దిక్కు, తల్లి గెలాక్సీ, వెనక మిగిలిన వెలుగు రంగు, ఇవన్నీ చూస్తే గానీ ఏదీ తేల్చలేం.

ఆసక్తి ఉన్నవాళ్లకి ఒక మాట. జీసీఎన్ సర్క్యులర్లు, అంటే ఖగోళ బృందాలు ఒకరికొకరు పంపుకునే చిన్న నివేదికలు, అందరికీ తెరిచి ఉంటాయి, డబ్బులు లేవు, డిగ్రీలు అడగరు. ఒకటి తెరిస్తే ముందు చూడాల్సింది మెరుపు సమయం, దానికి ఐదున్నర గంటలు కలిపితే మన టైము. తర్వాత దిక్కు ఎంత తప్పుతో ఇచ్చారో చూడండి: డిగ్రీల్లో ఉంటే ఫెర్మి రకం, ఆర్క్ సెకన్లలో ఉంటే ఎక్స్-రే టెలిస్కోపు పని పూర్తయినట్టు. తర్వాత డిక్లినేషన్, అంటే ఖగోళ అక్షాంశం. కర్నూలు నుంచి మైనస్ 74 డిగ్రీలకు దక్షిణాన ఉన్నవేవీ ఎప్పటికీ ఉదయించవు, అవి చిలీ వాళ్ల వంతు. ఇక వరుసగా వచ్చే సర్క్యులర్లలో సగానికి సగం "ఇంత మాగ్నిట్యూడ్ దాకా చూశాం, ఏమీ లేదు" అనే ఉంటాయి. వాటిని దాటేయకండి. ఒక చోట ఏమీ లేదని తేలితే తర్వాతి టెలిస్కోపు అక్కడ టైము పెట్టదు, లేదా అక్కడే ఇంకా లోతుగా చూడాలా అని నిర్ణయించుకుంటుంది. తల్లి గెలాక్సీ, దూరం చెప్పే సర్క్యులర్ వస్తే రోజుల తర్వాత వస్తుంది, కొన్నింటికి అసలు రాదు.